ఇరవై ఆరు పేర్లు, ఒక బ్యాటరీ

డల్లస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్ళింట్లో రాత్రి భోజనాల దగ్గర రెండే కబుర్లు. మనవడికి టెక్సస్ రేంజర్స్ జట్టులో ఎవర్ని ఉంచారు, ఎవర్ని పంపించేశారు అన్న బెంగ. అల్లుడుగారికి ఏ కరెంటు కారు కొనాలా అన్న బెంగ. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు పెరుగన్నం కలుపుకుంటూ ఊఁ కొడతారు. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటూ రిటైరైనవాణ్ణి కనుక నేను మాత్రం ఇద్దరి మాటలూ వింటాను. ఇద్దరిదీ ఒకటే లెక్క.

ముందు మనవడి లెక్క. బేస్‌బాల్‌లో పెద్ద లీగు జట్టు తన వెంట ఉంచుకోగలిగేది 26 మందిని. 2020కి ముందు 25 మందే. సెప్టెంబర్‌లో మటుకు 28కి పెంచుకోవాలి. ఈ 26లో పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, 13 మందికి మించకూడదు. జట్లు దాదాపు ఎప్పుడూ ఆ 13నీ నింపేసుకుంటాయి. ఎందుకంటే సీజన్‌లో మ్యాచ్‌లు 162, అవన్నీ ఆరు నెలల్లోనే. దాదాపు రోజూ ఆటే. ఇవాళ మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ భుజం మళ్ళీ విసరడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

ఇక మిగిలింది 13. అందులో తొమ్మిది మంది రోజూ బ్యాటింగ్ చేసేవాళ్ళు. మిగిలిన నలుగురూ బెంచీ మీద. ఆ నలుగురిలో ఒకడు రెండో క్యాచర్. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడే కానీ, పని ఇంకా మొరటుది. తన జట్టు ఫీల్డింగ్ చేసినంతసేపూ గొంతుక్కూర్చుని, గంటకి 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతుల్ని పట్టాలి, బ్యాట్ అంచు తగిలి దారి తప్పినవాటిని ఒంటి మీద కాచుకోవాలి. రోజూ ఒకడివల్ల అయ్యే పని కాదు.

అదీ తీసేస్తే ముగ్గురు. 26 మంది జట్టు అన్నమాటే గానీ, మేనేజ్‌మెంట్ నిజంగా తల పట్టుకుని ఆలోచించేది ఆ చివరి రెండు మూడు పేర్ల గురించే. బాగా పరిగెత్తేవాడు కావాలా? నాలుగు స్థానాల్లో ఎక్కడ నిలబెట్టినా నిలబడేవాడు కావాలా? ఎడమచేతి బ్యాటర్ కావాలా? కుడిచేతి పిచర్ విసిరే బంతిని ఎడమచేతివాళ్ళు సాధారణంగా బాగా కొడతారు మరి.

ఒకరోజు మా మనవడు ఓ మంచి ప్రశ్న వేశాడు. "తాతయ్యా, ఒకే మ్యాచ్‌లో ఇద్దరు క్యాచర్లకీ దెబ్బలు తగిలితే? మూడోవాణ్ణి పెట్టుకోవచ్చుగా?" పెట్టుకోవచ్చురా, కానీ జట్లు అలా పెట్టుకోవడం అరుదు. ఏడాదికి ఒక్కసారి కూడా రాకపోవచ్చు ఆ రోజు. దానికోసం మిగతా 161 రోజులూ ఒక పేరు ఖర్చవుతుంది. అలాంటి రోజే వస్తే, చిన్నప్పుడు స్కూల్లో క్యాచింగ్ చేసిన ఇంకో ఆటగాడు ముసుగు తగిలించుకుని ఎలాగో గట్టెక్కిస్తాడు. మర్నాటికి కింది లీగునుంచి మనిషి వచ్చేస్తాడు.

ఈ కింది లీగు సంగతి ఫ్రిస్కో వాళ్ళకి బాగా తెలుసు. రేంజర్స్ వాళ్ళ డబుల్-ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడేది ఈ ఊళ్ళోనే. స్టాండ్స్‌లో కూర్చుంటే వెనక వరసలోంచి "ఒరేయ్, ఐస్‌క్రీమ్ కారిపోతోంది చూసుకోరా" అని వినపడుతుంది, అంతమంది మనవాళ్ళు. ఆ పై మెట్టు ట్రిపుల్-ఏ జట్టు ఆస్టిన్ దగ్గర రౌండ్ రాక్‌లో ఉంటుంది. రేంజర్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ నుంచి మూడు గంటల కారు ప్రయాణం. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం ఆటకి మనిషి దిగుతాడు. అయితే ఈ పిలుపులు ఇష్టమొచ్చినన్ని కావు. ఒక ఆటగాణ్ణి ఇలా పైకీ కిందికీ తిప్పడానికి జట్టుకి మూడేళ్ళ ఆప్షన్లు ఉంటాయి. 2022 ఒప్పందం తర్వాత ఒక సీజన్‌లో అయిదుసార్లకి మించి కిందికి పంపకూడదు. పంపాక బ్యాటర్‌ని పది రోజులు, పిచర్‌ని పదిహేను రోజులు మళ్ళీ పిలవకూడదు, ఎవరికైనా దెబ్బ తగిలి ఖాళీ వస్తే తప్ప. పిలుపుకీ ఒక ధర ఉందన్నమాట. కానీ రోజూ బెంచీ మీద కూర్చోబెట్టే ధరకన్నా అది తక్కువ.

మన ఇళ్ళలో పెళ్ళి వస్తే ఏం చేస్తాం? గుండిగలూ గాడిపొయ్యి సరంజామా షామియానా షాపునుంచి అద్దెకు తెచ్చుకుంటాం. అమ్మాయి పెళ్ళి ఉంది కదా అని రోజూ పప్పు వండడానికి గుండిగ కొని పెట్టుకోం.

ఇప్పుడు అల్లుడుగారి దగ్గరకొద్దాం. ఆయన దృష్టి మూడు వరసల సీట్లున్న కియా ఈవీ9 మీద ఉంది. మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన ఆ కియానే. 2024 మోడల్లో వెనక చక్రాలు తిప్పే రకాలు రెండున్నాయి. ఒకదాని బ్యాటరీ 76 కిలోవాట్-అవర్లు, రెండోదానిది దాదాపు 100. కిలోవాట్-అవర్ అని భయపడకండి, కరెంటు బిల్లులో యూనిట్ అంటామే, అదే. ఒకసారి నింపితే చిన్నది 230 మైళ్ళు, పెద్దది 304 మైళ్ళు నడుస్తుందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్క.

"మామయ్యగారూ, 304 కన్నా తక్కువైతే హ్యూస్టన్ ఎలా వెళతాం?" అన్నారు అల్లుడుగారు. హ్యూస్టన్ అంటే ఇక్కడ ఆ పక్కన పేర్‌ల్యాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడి. ఇంటినుంచి సుమారు 280 మైళ్ళు. ఏడాదికి నాలుగైదు సార్లు వెళతారేమో.

మిగతా రోజుల మాటేమిటి? అమెరికాలో ఒక డ్రైవరు ఏడాదికి సగటున నడిపేది దాదాపు 13,500 మైళ్ళు. రోజుకి 37. అల్లుడుగారి ఆఫీసు, పిల్లల స్కూలు, కూరగాయలు, సాయంత్రం మనవడి ప్రాక్టీసు అన్నీ కలిపినా ఆ చుట్టుపక్కలే. 230 మైళ్ళ బ్యాటరీ కూడా ఆ పనికి ఆరు రెట్లు పెద్దది. పెద్ద బ్యాటరీ తీసుకుంటే అదనంగా వచ్చే 24 యూనిట్లనీ రోజూ మోసుకు తిరగాలి. కేసింగుతో కలిపి యూనిట్‌కి సుమారు ఆరు కిలోలు వేసుకున్నా 140 కిలోల పైమాటే, ఇద్దరు మనుషుల బరువు. బ్రేకులు, టైర్లు ఆ బరువుకి చెల్లిస్తూనే ఉంటాయి, కొనేటప్పటి ధరలోనూ అది కలుస్తుంది.

సరే, గుడికి వెళ్ళే రోజు ఏమవుతుందో కాగితం మీద వేసి చూశాను. హైవే మీద 75 మైళ్ళ వేగంతో పోతారు. గాలి అడ్డగింపు వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. అరవై నుంచి డెబ్భై అయిదుకి వేగం పెరిగింది పావు వంతే, గాలి అడ్డు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకని ఈపీఏ అంకెలో అయిదో వంతు కొట్టేశాను. చిన్న బ్యాటరీ 184 మైళ్ళకి దిగింది, పెద్దది 243కి. పది శాతం మిగిలేదాకా నడిపి ఆగుతారనుకుంటే, చిన్నది 165 మైళ్ళ దగ్గర, పెద్దది 219 దగ్గర ఆగాలి. అంటే పెద్ద బ్యాటరీ ఉన్నా దారిలో ఒకసారి ఆగక తప్పదు! చిన్నదానికీ ఒక్కసారే. ఫాస్ట్ చార్జర్ మంచిదై, ఖాళీగా దొరికితే చిన్నదానికి ఇరవై నిమిషాలు పైచిలుకు, పెద్దదానికి పది. ఇంతా చేసి తేడా పది పన్నెండు నిమిషాలు. ఇద్దరు పిల్లలూ ఒక తాతయ్యా ఉన్న కారు అంతసేపు ఎలాగూ ఆగుతుంది. పేర్‌ల్యాండ్ చేరాక మళ్ళీ నింపుకోవడం రెండింటికీ తప్పదు.

అల్లుడుగారు ప్రతి వారం ఉద్యోగం మీద హ్యూస్టన్ వెళ్ళే మనిషైతే ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడది అరుదైన రోజు కాదు, అసలు పనే. కానీ ఈయన వెళ్ళేది అప్పుడప్పుడే, పైగా ఇంట్లో పాత పెట్రోలు వ్యాన్ ఒకటుంది. దాన్ని ఇప్పుడే అమ్మేయకండి అన్నాను. పిలిస్తే పలికే రౌండ్ రాక్ ఆటగాడు అదే.

దానికాయన దగ్గర ఇంకో జవాబు ఉంది. ఆఫీసులో ఒకాయన చలికాలంలో కరెంటు కారేసుకుని ఒక్లహోమా వెళ్ళొచ్చాడట, రేంజ్ సగానికి పడిపోయిందట. నిజమే అయ్యుండొచ్చు. పెట్రోలు ఇంజను తన ఇంధనంలో మూడో వంతు కూడా చక్రాలకి ఇవ్వదు, మిగిలినదంతా వేడి. ఆ వృథా వేడితోనే చలికాలంలో కారు లోపల వెచ్చగా ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా. కరెంటు మోటారు నూటికి తొంభై దాకా చక్రాలకే ఇస్తుంది. వృథా అంతగా లేదు కనుక, వెచ్చదనం కావాలంటే బ్యాటరీనుంచే తియ్యాలి. హీట్ పంప్ ఉన్న కార్లు బయటి గాలిలోని వేడిని లోపలికి తోడి, ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వెచ్చదనం ఇస్తాయి. మరీ గడ్డకట్టే చలిలో ఆ లాభం తగ్గుతుంది.

కానీ ఒకరి ఒక ప్రయాణం మీద ఎంత బరువు వెయ్యాలి? ఇక్కడ మనవడి బేస్‌బాలే పనికొచ్చింది. వసంతకాలపు శిక్షణ మ్యాచ్‌లలో ఒక కుర్రాడు 50 సార్లు బ్యాటింగ్‌కి వస్తాడనుకోండి. వాడి అసలు సత్తా .270, అంటే వెయ్యింటికి 270 హిట్లు. యాభైకి పదమూడో పద్నాలుగో రావాలి. సంభావ్యత లెక్క వేస్తే పదినుంచి పదిహేడు దాకా ఏ అంకె వచ్చినా వింత కాదు. అయిదుగురిలో ఒకడు ఆ హద్దులు కూడా దాటుతాడు. పది వస్తే .200, "వీడు పనికిరాడు" అంటారు. పదిహేడు వస్తే .340, పేపర్లో ఫొటో వేస్తారు. మనిషి మాత్రం ఒక్కడే. అదే కుర్రాడు 500 సార్లు ఆడితే .245కీ .295కీ మధ్యే తిరుగుతాడు. పరీక్షలు పది రెట్లు చేస్తే తడబాటు మూడో వంతుకి తగ్గింది. పదో వంతుకి కాదు, గమనించండి. పది వర్గమూలం మూడు చిల్లర కదా.

ఆటగాళ్ళని వెతికి ఎంచే పాతకాలపు స్కౌట్లు నాలుగు దెబ్బలు చూసి తేల్చేసేవాళ్ళు. అందులో కొందరికి దివ్యమైన కన్ను ఉండేదనీ, అంకెలు అన్నీ చెప్పవనీ నేను ఒప్పుకుంటాను. అయినా పక్క క్యూబికల్ ఆయన ఒక్లహోమా ప్రయాణం ఒకటే బంతి. ఎదురుగాలి ఎంత ఉందో, చలిలో బయట నిలబెట్టిన కారుని ముందుగా వెచ్చబరచకుండా బయల్దేరాడో, ఎనభై మీద నడిపాడో ఎవరికెరుక? షోరూమ్ వాళ్ళిచ్చే ఇరవై నిమిషాల టెస్ట్ డ్రైవ్ కూడా ఒక బంతే. ఒకే కారుని ఏళ్ళ తరబడి నడిపిన చాలామంది అంకెలు దొరికితే, వాటికి విలువ.

"అయితే ఒహ్తానీలా రెండూ చేసే కారు కొనొచ్చుగా" అన్నాడు మనవడు. వీడి ఉద్దేశం ప్లగ్-ఇన్ హైబ్రిడ్. షొహెయ్ ఒహ్తానీ 2021లో బ్యాటుతో 46 హోమ్ రన్లు కొట్టి, అదే ఏడు పిచర్‌గా తొమ్మిది మ్యాచ్‌లు గెలిచాడు. అలాంటి ఆటగాణ్ణి 13 మంది పిచర్ల లెక్కలో కలపనక్కర్లేదని రూలే రాసుకున్నారు. కానీ ఒహ్తానీ రెండు పనులూ ఒకే ఒంటితో చేస్తాడు. హైబ్రిడ్‌లో ఇంజనూ మోటారూ రెండూ ఉండాలి, ఆయిలు మార్చడమూ తప్పదు. ఇంటిదగ్గర ప్లగ్గు పెట్టే అలవాటున్నవాళ్ళకి మంచి బండే, కాదనను. ఈ ఇంట్లో వ్యాన్ ఎలాగూ ఉంది కనుక అవసరం కనిపించలేదు.

ఇక రెండో క్యాచర్ లాగా వెంట ఉండి తీరాల్సినవాటి సంగతి. బయటినుంచి పిలిపించుకోలేనివి కార్లో కొన్నుంటాయి. వాటిమీద పిసినారితనం పనికిరాదు. మొదటిది సీట్లు. బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి కొన్ని కార్లలో వెనక నేల ఎత్తు పెరిగి, కూర్చుంటే మోకాళ్ళు గడ్డం వైపు లేస్తాయి. తొడలకి ఆధారం ఉండదు. ఇది ఏ పట్టికలోనూ రాయరు. నాలాంటి వయసువాణ్ణి వెనక వరసలో ఓ అరగంట కూర్చోబెట్టి చూడాలి. మూడో వరసలోకి మనవడే ఎక్కుతాడా, వాళ్ళ అమ్మమ్మ కూడా ఎక్కగలదా అన్నదీ అలాగే చూడాలి.

రెండోది ఇంటి ప్లగ్గు. గోడకున్న మామూలు 120 వోల్టుల సాకెట్‌నుంచి 12 ఆంపియర్లు లాగితే దాదాపు 1.4 కిలోవాట్లు. ఇంత పెద్ద కారుకి గంటకి మూడున్నర మైళ్ళు ఎక్కుతాయి. పది గంటలకి 35. రోజు సగటుకి అటూ ఇటూగా సరిపోతుంది, ఒకరోజు ఎక్కువ తిరిగితే అప్పు మిగులుతుంది. అదే 240 వోల్టులు, 32 ఆంపియర్లయితే గంటకి ఇరవై మైళ్ళ దాకా. గంటల తరబడి లాగే లోడు బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదని ఇక్కడి రూలు, కాబట్టి 40 ఆంపియర్ల బ్రేకర్ వెయ్యాలి. ప్యానెల్‌లో దానికి చోటుండాలి, ఏసీ, డ్రయ్యరు, కరెంటు పొయ్యి అన్నీ పోను మిగిలిన సామర్థ్యమూ ఉండాలి. అపార్ట్‌మెంట్లో ఉండి సొంత ప్లగ్గు లేనివాళ్ళకి మాత్రం నేను చెప్పిన చిన్న బ్యాటరీ సలహా వర్తించదు. వాళ్ళు వారానికోసారి బయట నింపుకోవాలి, పెద్దదే మేలు.

అందుకని అల్లుడుగారితో చెప్పాను, ఈ శనివారం షోరూమ్‌కి పోవద్దు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గరాజ్‌లో ప్యానెల్ మూత తీయించమని.