స్కాలర్‌షిప్ వాళ్లిస్తారు.. కంపెనీని మీరే వెతుక్కోవాలి!

ఎగుమతి, దిగుమతుల గురించి మూడేళ్లు చదువుతాం. ఇంటర్వ్యూలో ‘లెటర్ ఆఫ్ క్రెడిట్ ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూశారా?’ అని అడిగితే మాత్రం నోరు పెగలదు. బీబీఏ, బీకాం, ఎంబీఏల్లో ఇంటర్నేషనల్ బిజినెస్ తీసుకున్న చాలామంది పరిస్థితి ఇదే. యూరప్ దేశాలు ఈ లోటును చదువులోనే పూడుస్తాయి. ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీలో, అదీ వీలైతే పరాయి దేశంలో పనిచేయాలి. అందుకయ్యే ఖర్చులో కొంత స్కాలర్‌షిప్‌గా వస్తుంది. మన విద్యార్థులకూ ఇందులో దారులున్నాయి. కాకపోతే ఎవరికి ఏ దారి వర్తిస్తుందో తెలియక కొందరు అవకాశం వదులుకుంటున్నారు, కొందరు కన్సల్టెన్సీలకు లక్షలు ధారపోస్తున్నారు.

ఏమిటీ ఇంటర్న్‌షిప్ సెమిస్టర్?

జర్మనీలో అప్లయిడ్ సైన్సెస్ యూనివర్సిటీలని ఓ రకం విద్యాసంస్థలున్నాయి. వీటిలోని చాలా బిజినెస్ డిగ్రీల్లో ఒక సెమిస్టర్‌ను ప్రాక్టికల్ సెమిస్టర్‌గా కేటాయిస్తారు. యూరప్ లెక్కలో ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. కంపెనీలో చేసిన పనికీ, చివర్లో రాసే నివేదికకూ కలిపి ఆ క్రెడిట్లు ఇస్తారు. అంటే డిగ్రీ ఆలస్యం కాదు. ఫ్రాన్స్ బిజినెస్ స్కూళ్లలోనూ ఇలాంటిదే ఉంటుంది. దాన్ని ‘స్టాజ్’ అంటారు.

పని ఎలా ఉంటుంది? సరకు పంపే ముందు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ సరిచూడటం, కస్టమ్స్ కోడ్ వెతకడం, సరఫరాదారుల కొటేషన్లు పోల్చి పట్టిక తయారుచేయడం, కొత్త దేశంలో మార్కెట్ ఎలా ఉందో సమాచారం సేకరించడం. వినడానికి చిన్న పనులే. కానీ ఆరు నెలలు చేసినవాళ్లకు ఎఫ్‌ఓబీకీ సీఐఎఫ్‌కీ తేడా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. అది వాళ్లకు అలవాటైపోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి?

ఈ రంగంలో పెద్ద పేరు ఎరాస్మస్ ప్లస్. 1987లో ఎరాస్మస్ పేరుతో మొదలైన యూరోపియన్ యూనియన్ పథకమిది. 2021-27 కాలానికి దీని బడ్జెట్ దాదాపు 2,600 కోట్ల యూరోలు. ఒక సెమిస్టర్ వేరే దేశంలో చదవడానికే కాదు, కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కూ ఇందులో గ్రాంటు ఇస్తారు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘అది యూరప్ పౌరులకు కదా, మనకెందుకిస్తారు?’ అనుకుంటారు. నిజానికి చూసేది పాస్‌పోర్టు కాదు, ఎక్కడ చదువుతున్నారన్నది. ఎరాస్మస్ చార్టర్ ఉన్న యూరప్ యూనివర్సిటీలో రెగ్యులర్ విద్యార్థిగా చేరితే గుంటూరు అబ్బాయైనా, వరంగల్ అమ్మాయైనా దరఖాస్తు చేసుకోవచ్చు.

దారి ఒకటి: అక్కడ చేరాక

2023-24 శీతకాల సెమిస్టర్ నాటికి జర్మనీలో 49 వేలకు పైగా భారతీయ విద్యార్థులున్నారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. వాళ్లలో ఇంటర్నేషనల్ బిజినెస్ మాస్టర్స్ చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన నిబంధనలివి.

- ఇంటర్న్‌షిప్ కనీసం 2 నెలలు ఉండాలి. ఒక డిగ్రీ స్థాయిలో చదువు, ఇంటర్న్‌షిప్ కలిపి గరిష్ఠంగా 12 నెలలు వాడుకోవచ్చు.
- చదువుతున్న దేశం కాకుండా మరో దేశంలో చేయాలి. జర్మనీలో చదువుతూ జర్మనీ కంపెనీలోనే చేస్తే ఈ గ్రాంటు రాదు.
- డిగ్రీ పూర్తయ్యాకా వెళ్లొచ్చు. కానీ చివరి ఏడాదిలో ఉండగానే ఎంపికై ఉండాలి. పట్టా వచ్చిన 12 నెలల్లోపు ఇంటర్న్‌షిప్ ముగించాలి.
- విద్యార్థి, యూనివర్సిటీ, కంపెనీ ముగ్గురూ సంతకం చేసిన లెర్నింగ్ అగ్రిమెంట్ తప్పనిసరి.
- కంపెనీ జీతం ఇచ్చినా గ్రాంటు ఆపరు. రెండూ తీసుకోవచ్చు.

చదువు కోసం వెళ్లేవారికన్నా ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవారికి నెలకు 150 యూరోలు అదనంగా ఇస్తారు. దరఖాస్తు చేయాల్సింది మీ యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకు. బ్రస్సెల్స్‌కు రాయాల్సిన పని లేదు.

తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. తెలంగాణలోని అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలు 20 లక్షల రూపాయల వరకు సాయం చేస్తాయి. అయితే అవి పూర్తి డిగ్రీ కోసం. ఒక్క ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌కు ఇవ్వరు. అలాంటి సాయంతో డిగ్రీలో చేరినవాళ్లు ఇంటర్న్‌షిప్ కోసం యూనివర్సిటీ ద్వారా ఎరాస్మస్ వైపు చూడొచ్చు. రెండు సాయాలూ కలిపి తీసుకునే ముందు రెండు చోట్లా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

దారి రెండు: మన కాలేజీ నుంచే

ఇక్కడ చదువుతూనే వెళ్లాలంటే ఎరాస్మస్‌లోనే ‘ఇంటర్నేషనల్ క్రెడిట్ మొబిలిటీ’ అనే విభాగం ఉంది. యూరప్ యూనివర్సిటీకీ మన విద్యాసంస్థకూ ఒప్పందం ఉంటే అక్కడికి చదువుకో, ఇంటర్న్‌షిప్‌కో 2 నుంచి 12 నెలలు పంపుతారు. దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు ఇస్తారు. దూరాన్ని బట్టి ప్రయాణ ఖర్చులు వేరు. ఒప్పందం లేకపోతే విద్యార్థి ఒంటరిగా ఏమీ చేయలేడు. అందుకే కాలేజీలో చేరేటప్పుడే ‘మీకు ఏ విదేశీ వర్సిటీలతో ఒప్పందాలున్నాయి? ఇప్పటివరకు ఎంతమంది వెళ్లారు? క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారా?’ అని అడగండి. బ్రోచర్‌లో ఎంఓయూ ఫొటో ఉన్నంత మాత్రాన విద్యార్థులు వెళ్తున్నట్టు కాదు.

ఫ్రాన్స్ ప్రభుత్వం భారతీయుల కోసం చార్పాక్ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. వాటిలో ఎక్స్ఛేంజ్ విభాగం ఫ్రెంచ్ సంస్థతో ఒప్పందమున్న కాలేజీల విద్యార్థులకు. జర్మనీ సంస్థ డాడ్ ఇచ్చే ‘వైజ్’ పేరు చూసి బిజినెస్ విద్యార్థులు ఆశపడుతుంటారు. అది సైన్స్, ఇంజినీరింగ్ వారికి మాత్రమే. దానికి సిద్ధమై సమయం పోగొట్టుకోవద్దు.

లెక్క వేసుకున్నాకే విమానం

వీసా కోసం జర్మనీ అడిగే బ్లాక్డ్ అకౌంట్ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. అంటే విద్యార్థికి నెలకు కనీసం 992 యూరోలు కావాలని ఆ దేశ ప్రభుత్వమే చెబుతోంది. 800, 900 యూరోల గ్రాంటు దీనికి దగ్గరగా వస్తుంది గానీ పూర్తిగా సరిపోదు. పైగా గ్రాంటు చాలాచోట్ల విడతలుగా వస్తుంది. చివరి విడత నివేదిక ఇచ్చాకే చేతికందుతుంది. అద్దె అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు, బీమా ముందే మన దగ్గర ఉండాలి.

కంపెనీ ఇచ్చే డబ్బు దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో 2 నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కు డబ్బు ఇవ్వాలని చట్టమే చెబుతుంది. 2025లో కనీసం గంటకు 4.35 యూరోలు. జర్మనీలో సిలబస్‌లో భాగమైన తప్పనిసరి ఇంటర్న్‌షిప్‌కు కనీస వేతన చట్టం వర్తించదు. కంపెనీ ఎంతిస్తే అంతే. సొంతంగా ఎంచుకుని 3 నెలలకు మించి చేస్తే కనీస వేతనం ఇవ్వాలి. 2025లో అది గంటకు 12.82 యూరోలు. అందుకే కొన్ని కంపెనీలు ‘తప్పనిసరి ఇంటర్న్‌షిప్ అని యూనివర్సిటీ లెటర్ తెస్తేనే తీసుకుంటాం’ అంటాయి. ఆఫర్ చూసేటప్పుడు ఈ మాట ఉందో లేదో గమనించండి.

కంపెనీని పట్టుకోవడం ఎలా?

స్కాలర్‌షిప్ వచ్చినా సీటు రాదు. ఎరాస్మస్ గ్రాంటు ఇచ్చేవాళ్లు కంపెనీని చూపించరు. ముందు కంపెనీ ఒప్పుకోవాలి, ఆ కాగితంతోనే గ్రాంటుకు వెళ్లాలి. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెడితే మంచిది.

మొదటి రెండు నెలలు: రెండు పేజీలు దాటని సీవీ, ఒక్కో కంపెనీకి విడిగా రాసిన లెటర్, మార్కుల జాబితా సిద్ధం చేసుకోవాలి. ఒకే లెటర్‌ను వంద చోట్లకు పంపితే ఫలితం ఉండదు. ఆ కంపెనీ ఏం అమ్ముతుంది, ఎక్కడికి ఎగుమతి చేస్తుంది, మీరు ఏ విభాగంలో ఉపయోగపడతారు అన్నది మొదటి పేరాలోనే ఉండాలి.

తర్వాతి రెండు నెలలు: పెద్ద బ్రాండ్ల వెంటే పడొద్దు. జర్మనీ ఎగుమతుల్లో మధ్యతరహా కుటుంబ కంపెనీల పాత్ర పెద్దది. పంపులు, బేరింగులు, ప్యాకింగ్ యంత్రాలు చేసే ఇలాంటి సంస్థలకు భారత మార్కెట్ తెలిసినవాళ్లు అవసరం. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు ఇదో బలం. జర్మన్ బీ1 స్థాయి వస్తే తలుపులు ఇంకా తెరుచుకుంటాయి.

చివరి రెండు నెలలు: అగ్రిమెంట్ సంతకాలు, బీమా, వీసా, ఇల్లు.

వీసా విషయంలో నిర్లక్ష్యం వద్దు. జర్మనీ నివాస అనుమతితో షెంగెన్ దేశాల్లో కొద్దికాలం తిరగొచ్చు. కానీ తిరగడం వేరు, పనిచేయడం వేరు. వెళ్లే దేశపు కాన్సులేట్‌ను ముందే అడగాలి. జర్మనీలో విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయవచ్చు. అక్కడే చేసే తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఈ లెక్కలోకి రాదు.

డబ్బు కట్టి ఇంటర్న్‌షిప్పా?

‘యూరప్‌లో గ్యారంటీ ఇంటర్న్‌షిప్, ఫీజు ఇంత’ అనే ప్రకటన కనిపిస్తే రెండు ప్రశ్నలు అడగండి. కంపెనీ పేరేమిటి? లెర్నింగ్ అగ్రిమెంట్‌పై సంతకం ఎవరు చేస్తారు? డబ్బు కట్టాకే చెబుతామంటే అక్కడితో ఆపేయండి. ఎరాస్మస్ దరఖాస్తుకు ఏజెంటు అక్కర్లేదు. యూనివర్సిటీ ఆఫీసే ఉచితంగా చేస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు

ఆఖరి రోజు అందరికీ చాక్లెట్లు పంచి వచ్చేయకండి. జర్మనీలో పనిచేసినవారికి రాతపూర్వక సర్టిఫికెట్ అడిగే హక్కుంది. ఏ పనులు చేశారో, ఎలా చేశారో అందులో వివరంగా ఉంటుంది. అక్కడి యజమానులు దాన్ని మార్కుల జాబితా అంత శ్రద్ధగా చదువుతారు. నచ్చితే అదే కంపెనీలో థీసిస్ చేయమనో, వారానికి 20 గంటల్లోపు పార్ట్‌టైం ఉద్యోగమో ఇస్తారు. డిగ్రీ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలల అనుమతి ఇస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో పరిచయమైన మేనేజరు ఉంటే ఆ వెతుకులాట సున్నా నుంచి మొదలు కాదు.

వెనక్కి వచ్చేవాళ్లకూ నష్టం లేదు. కాకినాడ, కృష్ణపట్నం, విశాఖ రేవుల చుట్టూ ఎగుమతి వ్యాపారముంది. హైదరాబాద్‌లో ఫార్మా ఎగుమతులున్నాయి. అక్కడ ఇంటర్వ్యూలో ‘లెటర్ ఆఫ్ క్రెడిట్ చూశారా?’ అని అడిగితే ఏ బ్యాంకుది, ఎందులో తప్పు వచ్చింది, ఎలా సరిచేశారో చెప్పగలుగుతారు. ఈ వారమే మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లి ఒప్పందాల జాబితా అడగండి. అలాంటి ఆఫీసే లేదంటే, ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవడానికి అదీ ఒక సమాచారమే.