ఊరి బయట రాత్రి బస: అపోహలు – వాస్తవాలు

బళ్లారి తాలూకా రూపనగుడి, దాని చుట్టుపక్కల తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే సరిహద్దు ఊళ్ల కుటుంబాలు సెలవుల్లో రాత్రి బసతో వెళ్లే చోట్లు మూడు దిక్కులా ఉన్నాయి. పడమర హంపి, తుంగభద్ర డ్యామ్, సండూరు కొండలు, ఉత్తరాన మంత్రాలయం, తూర్పున బెలుం గుహలు దాటితే గండికోట. సత్రాలు, లాడ్జీలతో పాటు ఇప్పుడు టెంట్లు, హోంస్టేలు, అద్దె క్యారవాన్లు కూడా లెక్కలోకి వచ్చాయి. వీటిని ఎంచుకోవడంలో చెలామణి అవుతున్న నమ్మకాలు కొన్ని డబ్బు దండగ చేస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: ఆరుబయట బస మన అలవాటు కాదు, పట్నం పిల్లల సరదా.

వాస్తవం: హడగలి తాలూకా మైలార జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లి, బండి కిందే పడుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకోవడం ఈ సీమలో తరతరాల రివాజు. నీడ, నీళ్లు, పశువులకు మేత చూసి మరీ బండి విప్పేవారు. టెంట్ కొత్తది కావచ్చు గానీ చోటు చూసి దిగే తెలివి కొత్తది కాదు.

అపోహ: ఖాళీ జాగాలో ఒక్క రాత్రి ఉంటే ఎవరూ అడగరు.

వాస్తవం: హంపిలో ఈ నమ్మకం అసలు చెల్లదు. 1986 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడి రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతించిన చోట తప్ప వండడం, తినడం 1959 నాటి నిబంధనల ప్రకారం నిషేధం. ఇంటి నుంచి తెచ్చిన చిత్రాన్నం మంటపంలో విప్పుకున్నా తప్పే. చుట్టుపక్కల భూమి వాడకాన్ని చూసేందుకు హంపి ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ ప్రత్యేకంగా ఉంది. తుంగభద్ర నది అవతల విరూపాపురగడ్డెలో ఏళ్ల తరబడి నడిచిన రిసార్టులు అక్రమమని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చింది. మరుసటి నెలలోనే వాటిని కూల్చేశారు. ఎంతోమంది దిగిన చోటు కాబట్టి అనుమతి ఉన్నదే అయి ఉంటుందన్న ఊహ ఎంత పొరపాటో దీనితో తెలుస్తుంది. సండూరు కొండల్లోని రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. అందుచేత బుక్ చేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అన్నది కాదు. జాగా ఎవరిది, పర్యాటక శాఖలో నమోదైందా అన్నది. జవాబు దాటవేసే యజమాని దగ్గర పిల్లలతో దిగకూడదు.

అపోహ: ఇక్కడ వాన లేదు కాబట్టి ఏటి ఒడ్డున భయం లేదు.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ప్రమాదకరమైనది ఇదే. తుంగ, భద్ర రెండూ చిక్కమగళూరు జిల్లా గంగామూలలో, పడమటి కనుమల్లో పుడతాయి. శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి. ఆ కొండల్లో కుండపోత కురిసే రోజుల్లో బళ్లారి ఆకాశం నిర్మలంగా ఉండొచ్చు. హంపి దగ్గర నీటిమట్టాన్ని నిర్ణయించేది స్థానిక వాన కాదు, ఎగువన హొసపేట దగ్గర 33 గేట్లున్న తుంగభద్ర డ్యామ్. గేట్లు బాగా ఎత్తితే హంపిలోని పురందర మంటపం మునిగిపోతుంది. 2019 ఆగస్టులో విడిచిన వరదకు విరూపాపురగడ్డె చుట్టూ నీళ్లు కమ్మి వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. వారిని పడవలతో, హెలికాప్టర్లతో బయటికి తీశారు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. ముందస్తు హెచ్చరిక వస్తుందన్న ధీమా కూడా నిలవదని ఆ రాత్రి రుజువైంది. జూలై నుంచి అక్టోబరు దాకా నదీ గర్భంలోని ఇసుక దిబ్బ మీద, బండల మధ్య, లంకలో టెంట్ వేయకూడదు. వేసవిలో నీరు తక్కువగా ఉన్నా ఈత క్షేమం కాదు: బండల కింద గుంటలు, సుడులు పైకి కనిపించవు, మొసళ్లూ ఉన్నాయి. డ్యామ్ దిగువన కంప్లి వరకు సుమారు 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అది జంతువుల చోటు, స్నానాల రేవు కాదు.

కాలువ గట్టు కూడా నిద్రకు తగదు. 2025 మార్చిలో హంపి సమీపంలోని సణాపుర దగ్గర రాత్రివేళ కాలువ ఒడ్డున ఉన్న పర్యాటకుల మీద దుండగులు దాడి చేశారు. ఇద్దరు మహిళలు అత్యాచారానికి గురయ్యారు, కాలువలోకి తోసేసిన ముగ్గురిలో ఒకరు చనిపోయారు. నక్షత్రాలు బాగా కనిపించే నిర్జన స్థలం కంటే కాపలా, దీపం, పక్కన మరో రెండు కుటుంబాలు ఉన్న ఆవరణే మేలు.

అపోహ: క్యారవాన్ ఉంటే ఎక్కడైనా ఆపుకోవచ్చు.

వాస్తవం: అమెరికాలో మిషిగన్, విస్కాన్సిన్ వైపు స్థిరపడిన బంధువులు పంపే ఫొటోలే ఈ నమ్మకానికి మూలం. అక్కడి ఆర్వీ (క్యారవాన్) పార్కుల్లో బండి నిలిపే చోటే కరెంటు, మంచినీళ్లు అందుతాయి. మురుగు వదిలేందుకు విడిగా ఏర్పాటు ఉంటుంది. ఆ మూడూ లేనిచోట క్యారవాన్ రెండో రోజుకే బరువవుతుంది: నీళ్ల ట్యాంకు ఖాళీ, మరుగుదొడ్డి ట్యాంకు నిండు, కరెంటు గానీ జనరేటరు గానీ లేక ఏసీ బందు. హంపి దారిలో అలాంటి పార్కు దొరుకుతుందని నమ్ముకుని బయల్దేరకూడదు. బండి అద్దెకు తీసుకునేముందే కమలాపురలోనో హొసపేటలోనో రాత్రి బండి నిలపనిచ్చే హోటల్‌ను ఖాయం చేసుకోవాలి. పదిమంది ఉన్న కుటుంబానికి టెంపో ట్రావెలర్, రెండు గదులు తీసుకోవడమే చాలాసార్లు చవక, సుఖం కూడా.

అపోహ: బండ మీద, లోయ అంచున టెంట్ వేస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: పగలంతా కాగిన నల్లరాతి బండ రాత్రి చాలాసేపటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బళ్లారి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పసిపిల్లలకు, పెద్దవాళ్లకు టెంట్ పనికిరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనుకూలం. గండికోట పెన్నా లోయ అంచున చాలామేర కంచె లేదు. నిద్రమత్తులో లేచిన పిల్లవాడికి అది చాలా దగ్గర. టెంట్‌ను అంచుకు దూరంగా వెనక్కి జరపాలి. సూర్యోదయానికి నడిచి వెళ్లొచ్చు. చలికి కుంపటి టెంట్ లోపల పెట్టడం మరో ఘోరమైన తప్పు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపుతుంది.

అపోహ: మంట వేస్తే మృగాలు, చుట్టూ ఫినాయిల్ చల్లితే పాములు రావు.

వాస్తవం: 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం కమలాపురకు పక్కనే ఉంది. ఎలుగులు పొద్దువాలాక తిరుగుతాయి. వాటికి చూపు, వినికిడి మందం కాబట్టి దగ్గరికి వచ్చేదాకా మనిషిని గుర్తించక బెదిరి మీదపడతాయి. చిరుతలు కూడా ఈ గుట్టల్లోనే ఉంటాయి. మంటను నమ్ముకుని నిశ్చింతగా ఉండలేం. ఆవరణలోనే మరుగుదొడ్డి ఉండాలన్నది అందుకే: చెంబు పట్టుకుని చీకట్లో పొదల వైపు వెళ్లే అవసరం రాకూడదు. అరటి తొక్కలు, అన్నం మెతుకులు టెంట్ పక్కన పారేయకూడదు.

ఫినాయిల్, వెల్లుల్లి పాముల్ని ఆపుతాయనడానికి ఆధారం లేదు. కట్లపాము నేలమీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది, దాని కాటు నొప్పే తెలియకపోవచ్చు. అడుగుభాగం కలిపి కుట్టి, జిప్పు పూర్తిగా మూసుకునే టెంట్, కాళ్లున్న మంచం, చేతిలో టార్చి, తొడుక్కునేముందు దులిపిన చెప్పులు: రక్షణ ఇంతే. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం చేయకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఎంత దూరమో బస బుక్ చేసే రోజే కనుక్కోండి.