పావులూరి మల్లన నుంచి ‘పౌ’ దాకా

ధర్మవరంలో ఒక నేత కుటుంబం ముడిపట్టు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చిందనుకుందాం. ఏ నెల వడ్డీ ఆ నెల అసలులో కలుస్తూ పోతే ఏడాది తిరిగేసరికి బాకీ ఎంత? పన్నెండు 1.02లను వరసగా హెచ్చవేసి, వచ్చినదాన్ని లక్షతో గుణించాలి. సి అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఘాతం కట్టే ‘పౌ’ ఫంక్షన్‌తో ఇది ఒక్క ముక్క: పౌ(1.02, 12). బారువడ్డీ అయితే 1,24,000 తేలే బాకీ చక్రవడ్డీతో 1,26,824 రూపాయలవుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి ఇంజనీరింగులో చేరే పిల్లలు సి భాష నేర్చుకునేటప్పుడే ఈ ఫంక్షన్‌ను వాడేస్తారు. దాని కథ మాత్రం కంప్యూటర్ల కంటే చాలా పాతది.

క్రీస్తుకు పూర్వమే పింగళుడు తన ఛందశ్శాస్త్రంలో 2 ఘాతాలకు దగ్గరదారి చూపాడు. ఘాతం సరిసంఖ్య అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసెయ్యి. తర్వాత వెనక్కి వస్తూ వర్గం కట్టు, లేదా రెట్టించు. ఇదే పద్ధతిలో 1.02కు పన్నెండో ఘాతం కట్టడానికి పదకొండు గుణకారాలు అక్కర్లేదు. రెండో ఘాతం, మూడోది, ఆరోది, పన్నెండోది అంటూ నాలుగింటితో ముగుస్తుంది. నేటి ప్రోగ్రామర్లూ పూర్ణాంక ఘాతాలకు ఈ దారినే పడతారు.

పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన, చదరంగం గళ్లలో ఒకటితో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని ఒక పద్యంలో చెప్పాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఏనుగంటే 8. ఇలా భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెప్పిన ఆ సంఖ్య 18446744073709551615. అంటే 2కు 64వ ఘాతంలో ఒకటి తక్కువ. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు పోలేదు.

ఘాతం 2.5 అయితే? సగాలు చేసే పద్ధతి అక్కడ ఆగిపోతుంది. 1614లో జాన్ నేపియర్ ప్రకటించిన లాగరిథమ్‌లు ఆ తలుపు తెరిచాయి. లాగరిథమ్ తీసి, ఘాతంతో గుణించి, తిరిగి సంఖ్యగా మారిస్తే సరి. ఘాతం పూర్ణాంకమైనా భిన్నమైనా పద్ధతి ఒక్కటే.

1957 నాటి ఫోర్‌ట్రాన్‌లో ఘాతానికి రెండు నక్షత్రాల గుర్తు ఉండేది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో అలాంటి గుర్తేదీ లేదు. సి గుర్తులు యంత్రం నేరుగా చేయగల పనులకు దగ్గరగా ఉంటాయి. ఘాతం కట్టే ఆజ్ఞ చాలా ప్రాసెసర్లలో ఉండదు. అందుకే ఆ పని లైబ్రరీకి వెళ్లింది. 1989 నాటి ప్రామాణిక సి భాష పౌను మ్యాథ్ డాట్ హెచ్ అనే హెడర్ ఫైల్‌లో ఖాయం చేసింది. ఇది తెలియని కొత్త విద్యార్థి 10కి, 2కి మధ్య క్యారెట్ గుర్తు పెడితే 100 రాదు, 8 వస్తుంది. సి భాషలో ఆ గుర్తు రెండు సంఖ్యల బిట్లను పోల్చి, తేడా ఉన్నచోట 1 వేస్తుంది.

పౌ లోపల జరిగేది నేపియర్ లెక్కే, కాకపోతే ఆధారం 2. 1.02కు లాగరిథమ్ సుమారు 0.028569. దాన్ని 12తో గుణిస్తే 0.34283. 2కు ఆ ఘాతం కడితే 1.26824. ఇందులో ఒక చిక్కుంది. లాగరిథమ్‌లో అణుమాత్రం తేడా ఉన్నా, ఘాతం పెద్దదైతే ఆ తేడా కూడా పెరిగి జవాబులో తేలుతుంది. అందుకే లాగరిథమ్‌ను జవాబుకు కావలసినదానికంటే ఎక్కువ అంకెలతో, రెండు ముక్కలుగా లెక్కకడతారు. లినక్స్‌లో వాడే జీలిబ్‌సి లైబ్రరీలో ఒకప్పుడు కొన్ని సంఖ్యలకు పౌ విపరీతంగా నెమ్మదించేది. 2018లో కొత్తగా రాసిన పౌ ఆ ఇబ్బందిని తీర్చింది.

అయినా పౌకు ఒక హద్దుంది. అది డబుల్ రకం సంఖ్యను ఇస్తుంది. అందులో విలువకు దక్కేది 53 బిట్లు, అంటే సుమారు పదహారు అంకెలు. పౌ(2, 64)లో ఒకటి తీసేసి అచ్చువేయండి: చివర 615 రాదు, 616 వస్తుంది. తీసేసిన ఆ ఒకటి డబుల్‌లో ఇమడదు. గుర్తులేని 64 బిట్ల పూర్ణాంకం పట్టగల అతిపెద్ద సంఖ్య మాత్రం సరిగ్గా మల్లన చెప్పినదే. కొన్ని పాత కంపైలర్లలో పౌ(10, 2)ను పూర్ణాంకంగా మారిస్తే 99 వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. జవాబు 100కు వెంట్రుకవాసి తక్కువ రావడం, మార్పులో దశాంశ భాగం తెగిపోవడం అందుకు కారణం.

కాబట్టి సి నేర్చుకునే పిల్లలారా, వడ్డీ, ఉష్ణోగ్రత, వేగం వంటి దశాంశాల లెక్కలకు పౌను నిశ్చింతగా వాడండి. ఒక్క అంకె కూడా తేడా రాకూడని పూర్ణాంకాల లెక్కకు మాత్రం పింగళుడి పద్ధతిలో నాలుగు పంక్తుల ఫంక్షన్ మీరే రాసుకోండి.