షాపులో మీ ముందు పెట్టిన మూడో ఫోన్ అమ్మడానికి కాదు

దసరా ముందు సింగరేణి లాభాల వాటా పడిందంటే గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఫోన్ షాపులు కిటకిటలాడతాయి. నాకు కూడా వరసగా ఒకటే మెసేజ్: "అన్నా, ఈ మూడింట్లో ఏది బెస్ట్?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. ఆ మూడూ ఎవరు ఎంచిండ్రు?

ఒక ఉదాహరణ అనుకుందాం. 6జీబీ/128జీబీ ఫోన్ 12,999. అదే ఫోన్ 8జీబీ/256జీబీ అయితే 16,999. ఇవి రెండే ఉంటే చాలామంది 4,000 తేడా చూసి ఆలోచనలో పడతారు. ఇప్పుడు మధ్యలో 8జీబీ/128జీబీని 16,499కి పెట్టండి. వెంటనే "తమ్మీ, అయిదొందలు ఎక్కువ పెడితే డబుల్ స్టోరేజ్ వస్తది" అనే మాట వినిపిస్తుంది. 4,000 తేడా కాస్తా మన బుర్రలో 500 అయిపోతుంది. దీన్నే డీకాయ్ ఎఫెక్ట్ అంటారు. 1982లో హ్యూబర్, పేన్, ప్యూటో అనే పరిశోధకులు దీన్ని ప్రయోగాలతో చూపించారు.

ఎర వేయకపోయినా గుంపు మారితే చాలు, తీర్పు మారుతుంది. 1992లో సైమన్‌సన్, ట్వెర్‌స్కీ ప్రచురించిన ప్రయోగంలో సుమారు 170, 240 డాలర్ల మినోల్టా కెమెరాలు రెండే చూపిస్తే జనం సగం సగం చీలారు. 470 డాలర్ల మోడల్ కూడా కలిపితే 240ది ఏకంగా 57 శాతం మంది ఎంచుకున్నారు. కెమెరా అదే, రేటు అదే. మధ్యలోకి వచ్చింది, అంతే.

వరస సంగతి ఇంకా చిత్రం. ముందు 40,000 ఫోన్ డిస్‌ప్లే చూసి తర్వాత 15,000ది చేతిలోకి తీసుకుంటే అది మసకగా అనిపిస్తుంది. ముందు మీ పాత ఫోన్ చూసి అదే 15,000ది పట్టుకుంటే అద్భుతం!

ఈ ఇబ్బంది పెద్ద రివ్యూయర్లకూ తప్పలేదు. ఎమ్‌కేబీహెచ్‌డీ బ్లైండ్ కెమెరా టెస్ట్ మొదట్లో 16 ఫోన్ల నాకౌట్‌గా నడిచేది. 2018లో ఐఫోన్ టెన్ మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోయింది. నాకౌట్‌లో ఎవరు ఎవరికి ఎదురుపడ్డారన్నదే సగం ఫలితం. 2022లో ఆయన చదరంగంలో వాడే ఈలో రేటింగ్‌కు మారారు. ప్రతి ఫోటో ఎన్నో ఫోటోలతో తలపడుతుంది, బలమైనదాన్ని ఓడిస్తే పాయింట్లు ఎక్కువ. 2 కోట్లకు పైగా ఓట్లు పడితే గెలిచింది పిక్సెల్ 6ఏ, మిడ్‌రేంజ్ ఫోన్! (లైకుల లెక్కన చూస్తే ఎవరూ ఊహించరు.)

నేను కూడా ఫోటోలు పోల్చేటప్పుడు పేర్లు తీసేసి, వరస మార్చి రెండుసార్లు చూస్తా. రెండుసార్లూ గెలిస్తేనే గెలుపు రాస్తా.

షాపుకి పోయేముందు మీకు కావాల్సిన స్టోరేజ్, పెట్టగలిగిన డబ్బు రాసుకోండి. 2024లో పర్మనెంట్ కార్మికులకు సగటున 1.90 లక్షల వాటా వస్తే, కాంట్రాక్టు కార్మికులకు వచ్చింది 5,000. ఆ ఇంట్లో 4,000 అంటే చిన్న మాట కాదు. "ఆ నడిమిది తీసెయ్ అన్నా, ఈ రెండే చూపియ్" అని అడగండి, అప్పుడు చూడండి ఏది నచ్చుతుందో.