రోబో అంటే వెట్టి: రేపటి కథలు, మన రేషన్ కార్డులు

'రోబో' అనే మాట ఎక్కడ పుట్టిందో మన పిల్లలకు బడిలో చెప్పరు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం రాసిండు. ఫ్యాక్టరీలో తయారై, మనుషుల పనులన్నీ చేసిపెట్టే కృత్రిమ కూలీలు అందులో ఉంటారు. వాళ్లకు ఏం పేరు పెట్టాలని అడిగితే 'రోబోట్' అనే మాట ఇచ్చింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రొబోటా' అంటే దొర భూమిలో రైతు కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. మన తెలంగాణ మాటలో చెప్పాలంటే వెట్టి.

అంటే ప్రపంచమంతా చెప్పుకునే తొలి యంత్రమానవుల కథ వెట్టి కథే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, కృత్రిమ మేధ గురించి ఇవాళ వస్తున్న కథలను మనం వేరే కంటితో చదవగలం.

ఈ కథల్లో ఒక రకాన్ని సమీప భవిష్యత్తు కథలంటారు. అవి వెయ్యేండ్ల తర్వాతి గ్రహాల గురించి మాట్లాడవు. పదేండ్లు, ఇరవై ఏండ్ల ముందుకు మాత్రమే చూస్తాయి. ఇప్పటికే మొదలైన ఒక సంగతిని రచయిత తీసుకొని, ఇది ఇట్లే సాగితే ఏమైతది అని అడుగుతాడు. ఇంగ్లీషులో రాసిన ప్రయాగ్ అక్బర్ నవల 'లీలా' (2017) శుద్ధి పేరుతో గోడలు కట్టుకొని విడిపోయిన నగరాన్ని చూపుతుంది. లావణ్య లక్ష్మీనారాయణ్ 'అనలాగ్/వర్చువల్' (2020)లో ఒకప్పటి బెంగళూరును ఒక కంపెనీ ఏలుతుంది. ఎవరు ఎంత పనికొస్తారో లెక్కగట్టి, పనికిరారని తేలినవాళ్లను గీత అవతలికి నెడుతుంది.

మంచి పుస్తకాలే. కానీ ఊరికీ వాడకూ మధ్య గీత ఎరిగినవాళ్లకు గోడ రేపటి సంగతి కాదు. అవతలివాళ్లకు రాబోయే ఆపద మనకు ఎప్పుడో వచ్చిన ఆపద. కాబట్టి యంత్రం తీర్పు చెప్పే కథకు సరుకు కోసం అమెరికా వైపు చూడనక్కరలేదు. మెండోరలోనో, బోధన్‌లోనో రేషన్ దుకాణం ముందు నిలబడితే చాలు.

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను నడిపింది. పథకాలకు ఎవరు అర్హులు, ఎవరు కాదు అని తేల్చడంలో దాన్ని వాడింది. అది ఎట్ల పనిచేస్తదో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. రవాణా శాఖ దగ్గర బండ్ల జాబితా ఉంటది. రెవెన్యూ వాళ్ల దగ్గర భూముల జాబితా, కరెంటు వాళ్ల దగ్గర బిల్లుల జాబితా ఉంటాయి. ఈ జాబితాలన్నీ వేర్వేరు మనుషులు, వేర్వేరు కాలాల్లో రాసినవి. ఒక జాబితాలో ఉన్న మనిషి, ఇంకో జాబితాలో ఉన్న మనిషి ఒక్కరేనా అని యంత్రం పోల్చి చూస్తది. పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి మార్కులు వేస్తది. మార్కులు ఒక హద్దు దాటితే 'ఇద్దరూ ఒక్కరే' అని రాస్తది.

గమనించండి, అది నిజం చెప్పడం లేదు. అంచనా చెప్తున్నది. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నది యంత్రం నిర్ణయం కాదు, మనిషి నిర్ణయం. హద్దు కొంచెం తగ్గిస్తే దొంగ కార్డులు ఎక్కువ దొరుకుతాయి, వాటితో పాటే నిజమైన పేదల కార్డులూ పోతాయి. ఆ తప్పు ఎవరి కంచంలో పడాలన్నది లెక్కల ప్రశ్న కాదు, రాజకీయ ప్రశ్న.

ఇప్పుడు మన జిల్లా పేర్లు తలచుకోండి. గోదావరి ఒడ్డు ఊళ్లలో గంగారాం, గంగాధర్, గంగవ్వ లేని వాడకట్టు ఉండదు. ఒకే ఊళ్లో ముగ్గురు గంగారాంలు, వాళ్లలో ఇద్దరి తండ్రులు రాజన్నలు కావడం వింత కాదు. ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కించేటప్పుడు ఒక ఆఫీసులో పేరు కలిపి రాస్తారు, ఇంకో ఆఫీసులో విడదీసి రాస్తారు. ఇంట్లో లస్మవ్వ, ఆధార్‌లో లక్ష్మి. పుట్టిన తేదీ బడిలో సారు ఊహించి వేసింది. పేరు ఎంత పొట్టిగా ఉంటే, ఎంత మందికి ఉంటే, కాగితాలు ఎంత తక్కువ ఉంటే, యంత్రం అంత తికమక పడుతుంది. కులం పేరు ఎక్కడా అడగకుండానే దెబ్బ ఎవరి మీద పడాలో వాళ్ల మీదే పడుతుంది.

కారు ఉంటే రేషన్ కార్డు లేదనేది నియమం. పల్లెలో మూడున్నర ఎకరాల తరి, ఏడున్నర ఎకరాల ఖుష్కి మించితే లేదనేది ఇంకో నియమం. నియమాలతో పేచీ లేదు. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారు ఉందని కార్డు తీసేశారు. కారు ఉన్నది దగ్గరి పేరే కలిగిన ఇంకో మనిషికి. అల్ జజీరా 2024 జనవరిలో ఈ సంగతి బయటపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా ఈ వ్యవస్థను పరిశీలించి ప్రశ్నలు వేసింది.

అంకెలు చూద్దాం. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ఇవన్నీ ఒక్క యంత్రమే చేసిందని అనలేం. కానీ నోటీసు ఇయ్యకుండా, ఇల్లు చూడకుండా, కంప్యూటర్ చెప్పిందని కార్డులు తీసేసిన పద్ధతి మీద ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త కోర్టుకు పోయిండు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 19 లక్షల రద్దు కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. అందిన దరఖాస్తులు 4.9 లక్షలు. 2022 జూలై నాటికి 2.05 లక్షలు పరిశీలిస్తే 15,471 కుటుంబాలు అర్హులని తేలింది. వందకు ఏడున్నర. అధికారికి అది చిన్న భాగం. ఆ ఇండ్లకు అది ఏండ్ల తరబడి బియ్యం లేకపోవడం.

ఇంకో మాట. ఇదే మసూద్‌ను 2021 మేలో లాక్‌డౌన్ కాలంలో రోడ్డు మీద పోలీసులు ఆపి, ఒప్పుకోకున్నా ఫోటో తీసిన్రు. ముఖాలు పోల్చే యంత్రాలను పోలీసులు వాడటం మీద ఆయన హైకోర్టులోనూ కేసు వేసిండు. అంతకుముందే, 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో, కొంపల్లిలో పది పోలింగ్ కేంద్రాల్లో ఓటరు ముఖం పోల్చే ప్రయోగం జరిగింది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరుకు రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫోటో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చెరువు కట్ట మీద మట్టి తీసిన అక్క చెమట లెక్కకు రాదు, ఫోటోనే లెక్క.

మాటలు చెప్పే యంత్రాల సంగతీ చూడాలి. 2025లో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ పత్రిక ఒక పరీక్ష చేసింది. కులం చోట ఖాళీ వదిలిన వాక్యాలు ఇచ్చి, దళితుడా బ్రాహ్మణుడా నింపమంటే, తెలివిగలవాని పక్కన బ్రాహ్మణుడినీ మురుగు తీసేవాని పక్కన దళితుడినీ పెట్టే ధోరణి కనిపించింది. ఓపెన్ఏఐ వారి జీపీటీ-5 నాలుగింట మూడు వంతుల వాక్యాల్లో అట్లే చేసింది. ఎందుకంటే అది నేర్చుకున్నది మనుషులు రాసిపెట్టిన రాతల నుంచే. ఆ రాతల్లో మనం రాసినవి ఎన్ని?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. పాత పట్వారీ, పాత డీలరు కులం చూడలేదా? బియ్యం దూరం నుంచి విసరలేదా? యంత్రం వస్తే ఆ అవమానం తప్పింది కదా? నిజమే. వేలిముద్ర పెట్టి హక్కుగా బియ్యం తెచ్చుకోవడం మన ఆడవాళ్లకు చిన్న విషయం కాదు. యంత్రాన్ని పగలగొట్టమని ఎవరూ అనడం లేదు. కానీ పట్వారీ తప్పు చేస్తే ఒక ఊరికే తప్పు. గల్ల పట్టి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. యంత్రం తప్పు చేస్తే ఒకే రాత్రి లక్షల ఇండ్లకు తప్పు. అడిగితే 'నా చేతుల లేదమ్మా, కంప్యూటర్ల వచ్చింది' అంటరు. దొర కనబడకుండా పోయిండు, దొరతనం అట్లనే ఉన్నది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. కార్డు తీసే ముందు తెలుగులో నోటీసు, కారణం ఇయ్యాలి. మనిషి వచ్చి ఇల్లు చూడాలి. తప్పని రుజువయ్యేదాకా బియ్యం ఆగొద్దు. రుజువు భారం సర్కారుది, ఆకలిగొన్నవానిది కాదు. హద్దు ఎంత పెట్టిన్రో, ఎన్ని తప్పులు తేలినయో బయట పెట్టాలి. 2025లో రాష్ట్రంలో కొత్త కార్డులు పంచిన్రు. ఎన్నడో పోయిన కార్డు తిరిగొచ్చిందా లేదా అని వాడవాడకూ పోయి రాసుకోవడం విద్యార్థులు చేయగల పని.

రాసేవాళ్లకు ఒక మాట. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతబడింది. రేపు అది తెరుచుకుంటే చెరుకు ఎప్పుడు కొట్టాలో ఉపగ్రహం చూసి చెప్పొచ్చు. మహారాష్ట్రలోని బారామతిలో ఆ ప్రయోగం నడిచింది. చెరుకు కొట్టే మనిషికి అప్పుడేమైతది? పేరు కలవలేదని కూలి ఆగితే ఆ రాత్రి ఏమి వండుతది? ఈ కథకు రోబో అక్కరలేదు. కార్డు పోయిన ఇంటికి పోయి కూర్చొని, వాళ్లు చెప్పేది వినాలి. రేపటి కథ అక్కడ మొదలై చాలా రోజులైంది.