నటుడు - యాస

ఒకే మాటను ఒక్కొక్క ప్రాంతంవారు ఒక్కొక్క తీరున పలుకుతారు. ఆ తీరునే యాస అంటాం. అది చిన్ననాడే మన నాలుకకు అలవాటవుతుంది. మరి, పాత్రకోసం నటుడు తన యాసను మార్చుకోవాలా?

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. అందులో గిరీశం మాటల నిండా ఇంగ్లీషు దొర్లుతుంది. అగ్నిహోత్రావధానులు మాట వేరు. ఆ ప్రాంతపు పలుకుబడి తీసివేస్తే ఆ పాత్రల జీవం సగం పోతుంది. కనుక వేరే ప్రాంతపు నటుడు దానిని నేర్చుకోక తప్పదు.

నేర్చుకోవడం సాధ్యమే. 2017లో వచ్చిన 'ఫిదా' చిత్రంలో నాయిక బాన్సువాడ అమ్మాయి. ఆ పాత్ర ధరించిన సాయిపల్లవి తమిళనాడులో పెరిగారు. ఆమె ఇంటి భాష బడగ. అయినా తెలంగాణ యాస నేర్చుకొని సొంత గొంతుతోనే సంభాషణలు పలికారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. చాలాకాలం మన సినిమాలలో నాయకుడికి ఒక రకం తెలుగు, హాస్యగాడికీ దుష్టుడికీ తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు ఇచ్చేవారు. దానివల్ల ఆ ప్రాంతాల ప్రజల మనసు నొచ్చుకుంది. యాస మార్చుకోవడం తప్పు కాదు. యాసను వెక్కిరించడం తప్పు.

హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం - ఎక్కడి తెలుగు అక్కడిదే. రేపు మీ బడి నాటకంలో హోసూరు రైతు పాత్ర మీకు వచ్చిందనుకోండి. అది మీ ఇంటి మాటే అయితే సిగ్గుపడకుండా పలకండి. కాకపోతే, ఆ మాట పలికే పెద్దల దగ్గర కూర్చొని శ్రద్ధగా వినండి. మీ నోట తమ మాట విని ఆ పెద్దలు సంతోషించాలి.