కొత్త రాజధానిలో నిరీక్షణ

2025 నవంబరు 1వ తేదీన నయా రాయపూర్‌లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ నూతన భవనాన్ని ప్రధాని నరేంద్ర మోడీ ప్రారంభించారు. రాష్ట్రం అవతరించి ఆనాటికి సరిగా 25 సంవత్సరాలు. నగరానికి ఇప్పుడు అధికార నామం నవా రాయపూర్ అటల్ నగర్. 2018లో వాజపేయి మరణించిన పిమ్మట ఆయన పేరు చేర్చినారు. జనం నోట మాత్రం పాత పేరే నిలిచి ఉన్నది. సచివాలయం మహానది భవన్, శాఖాధిపతుల కార్యాలయాలు ఇంద్రావతి భవన్. విశాలమైన రహదారులు, వాటిపై పలుచగా మనుషులు. లుట్యెన్స్ కట్టిన కొత్త ఢిల్లీ తొలి రోజులలో ఇట్లే ఉండెడిదేమోనని రాజధాని విలేఖరికి తోచక మానదు.

ఈ రాష్ట్రంలో శాసనకర్తలను తరచు ఆకర్షించే విషయాలలో మతాంతరీకరణం ఒకటి. ఉన్న చట్టం చాలదనీ, మరింత కఠినమైనది తెస్తామనీ 2025లో ప్రభుత్వం ప్రకటించినది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో క్రైస్తవులు సుమారు 4 లక్షల 90 వేలు. నూటికి ఇద్దరైనా లేరు. ఇంత స్వల్ప సంఖ్యను గూర్చి ఇంత కలవరమెందుకన్నది ఒక ప్రశ్న. ఇంత కలవరం నడుమ ఆ స్వల్ప సంఖ్యాకులు దేనిని నమ్ముకొని నిలిచి ఉన్నారన్నది మరొక ప్రశ్న. మొదటి దానిపై పార్లమెంటులో ఎన్నో గంటలు చర్చ జరిగినది. రెండవ దానిని ఎవరూ అడుగరు.

కథోలిక లోకానికి 2025 జుబిలీ సంవత్సరం. 2024 క్రిస్మస్ ముందటి రాత్రి పోప్ ఫ్రాన్సిస్ రోములో పవిత్ర ద్వారం తెరచి, విశ్వాసులందరూ ఆశా యాత్రికులు కావలెనని పిలుపునిచ్చారు. 2025 ఏప్రిల్ 21న ఆయన కన్నుమూశారు. 2026 జనవరి 6న ఆ ద్వారాన్ని మూసినది ఆయన వారసుడు పోప్ లియో. ఆ ఆశా సంవత్సరం ఛత్తీస్‌గఢ్‌లో ఎట్లు గడచినదో చూడండి. జనవరిలో బస్తర్ జిల్లాలో ఒక పాస్టరు శవం పూడ్చ చోటులేక ఆస్పత్రి శవాగారంలో ఉండిపోయినది. జులై 25న దుర్గ్ రైల్వే స్టేషనులో కేరళకు చెందిన ఇద్దరు సన్యాసినులను, మనుషుల అక్రమ రవాణా, బలవంతపు మతమార్పిడి ఆరోపణలపై అరెస్టు చేసినారు. పార్లమెంటు వర్షాకాల సమావేశాలు జరుగుతున్న రోజులవి. కేరళ సభ్యులు గొడవ చేసినారు. ఆగస్టు 2న బిలాస్‌పూర్ న్యాయస్థానం వారికి బెయిలు ఇచ్చినది. డిసెంబరులో కాంకేర్ జిల్లాలో మరొక ఖననంపై రగిలిన వివాదం ప్రార్థనాలయాల దహనం వరకు పోయి, 24వ తేదీన రాష్ట్ర బంద్‌కు దారితీసినది. ఆ రోజున రాయపూర్‌లోని ఒక మాల్‌లో క్రిస్మస్ అలంకరణలను ధ్వంసం చేసినారు. మరునాటి ఉదయం ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికి చేరువనున్న రిడెంప్షన్ కెథెడ్రల్‌లో ప్రధాని క్రిస్మస్ ఆరాధనలో పాల్గొన్నారు. ఈ రెండు వార్తలూ ఒకే వారంలో వచ్చినవి.

ఇక్కడ ఒక మాటను గూర్చి చెప్పవలసి ఉన్నది. ఇంగ్లీషు బైబిలులోని 'హోప్' అన్న పదాన్ని హిందీ అనువాదకులు 'ఆశా' అన్నారు. మన తెలుగు అనువాదకులు అట్లు చేయలేదు. మన భాషలో ఆశకు కొంత లోభపు వాసన అంటుకొని ఉన్నది. 'ఆశపోతు' అన్న మాట ఎక్కడిదో తెలిసినదే గదా! వారు 'నిరీక్షణ' అన్నారు. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అన్న మూడింటిని తెలుగు క్రైస్తవ బాలబాలికలు సండే స్కూలులో వల్లె వేస్తారు. నిరీక్షించుట అనగా దారి వంక కన్నులు నిలిపి వేచియుండుట. అందులో కోరిక కన్న ఓర్పు ఎక్కువ. అట్లే 'రివైవల్' అన్నదానికి మన సంఘాలలో వాడుక 'ఉజ్జీవము'. పల్లెలలో తాటాకు పందిళ్లలో జరిగే ఉజ్జీవ సభలు ఎరుగని కోస్తావాసి ఉండడు.

ఛత్తీస్‌గఢ్ క్రైస్తవం పుట్టుకలోనే ఈ నిరీక్షణ ఉన్నది. 1868లో ఆస్కార్ లోర్ అను జర్మన్ మిషనరీ, అమెరికాలోని జర్మన్ ఎవాంజెలికల్ మిషన్ పక్షాన రాయపూర్ చేరినాడు. అప్పటికి ఈ ప్రాంతంలో సత్నామీల ఉద్యమం బలంగా వ్యాపించి ఉన్నది. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాస్, సత్యనామం ఒక్కటే దైవమనీ, విగ్రహాలు వలదనీ, మనుషులలో హెచ్చుతగ్గులు లేవనీ అంటరానివారని పిలువబడిన వారికి బోధించినాడు. ఇది తన కొరకే దున్ని ఉంచిన పొలమని లోర్ భావించినాడు. బంజరు భూమి కొని బిశ్రామ్‌పూర్ అనే గ్రామం కట్టినాడు. విశ్రాంతి నగరమని దాని అర్థం. సత్నామీలు మూకుమ్మడిగా తన వెంట వత్తురని ఎదురుచూచినాడు. వారు రాలేదు. వచ్చినవారు కొద్దిమంది. సత్నామీలకు తమ గురువు ఉన్నాడు, తమ సత్యం ఉన్నది. మిషనరీ వృత్తాంతాలలో ఇటువంటి నిరాశను ఒకటి రెండు వాక్యాలలో దాటవేయుట అలవాటు. నా దృష్టిలో ఆ గ్రామ చరిత్ర అంతటిలో విలువైన ఘట్టం ఇదే. ఎదురుచూచినది రాకపోయినా ఆ మనిషి వెనుదిరిగి పోలేదు. బడి పెట్టినాడు, మందులు ఇచ్చినాడు.

పిదప కరవులు వచ్చినవి. 1897లో ఒకటి, 1899-1900లో మరొకటి. బిశ్రామ్‌పూర్‌లోను, ఇతర మిషన్లలోను అనాథ శరణాలయాలు నిండినవి, క్రైస్తవుల సంఖ్య పెరిగినది. అమెరికా మెన్నొనైట్లు 1899లో ధమ్తరి చేరి కరవు సహాయంతోనే పని మొదలిడినారు. వారు 1910లో స్థాపించిన క్రైస్తవ ఆస్పత్రి నేటికీ నడుస్తున్నది. చాంపాలోను, చంద్‌ఖురీలోను కుష్ఠురోగుల ఆశ్రమాలు ఆ కాలంలో వెలసినవే. తెలుగువారికీ ఈ కథలో పాలున్నది. ఎల్లందు ప్రాంతంలో మనవారి మధ్య పనిచేసిన మెథడిస్టు మిషనరీ సి.బి.వార్డు, పందొమ్మిదవ శతాబ్ది చివర జగదల్‌పూర్ చేరి బస్తర్‌లో ఆ సంఘానికి పునాది వేసినవారిలో ఒకడు.

కరవులో కలిసినవారు అన్నం కొరకు కలిసినవారే గదా అన్న ఆక్షేపణ నాటిది, నేటిది కూడా. దీనికి జవాబు ఒంగోలులో ఉన్నది. 1876-78 కరవులో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కంట్రాక్టు పుచ్చుకొని వేలాది మాదిగలకు పని కల్పించినాడు. సహాయం సాగినంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఎవరెంత వేడినా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కొరకు వచ్చినారన్న మాట పడకూడదని ఆయన పట్టు. పని ముగిసి, కూలి ఆగిన తరువాత వారు మరల వచ్చినారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మం జరిగినది. తెలుగు బాప్తిస్టు చరిత్రలు ఈ అంకెను ఘనంగా చాటుతవి. దానికి ముందటి ఆ పదిహేను నెలల సంగతి మరింత ఘనంగా చాటవలసినదని నా అభిప్రాయం.

ఇక చట్టం సంగతి. 1954లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం, నాగపూర్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి భవానీశంకర్ నియోగీ అధ్యక్షతన కమిటీ నియమించినది. విదేశీ ధనంతో సాగుతున్న మతాంతరీకరణాన్ని 1956 నివేదిక తీవ్రంగా విమర్శించినది. 1968లో విచిత్రంగా 'ధర్మ స్వాతంత్ర్య' చట్టం అన్న పేరుతో ఆంక్షలు వచ్చినవి. కొత్త రాష్ట్రానికి ఆ చట్టం 2000లో వారసత్వంగా సంక్రమించినది. దాని క్రింద రెవరెండ్ స్టానిస్లాస్‌పై ప్రాసిక్యూషనుకు అనుమతి ఇచ్చినది బలౌదా బజార్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు. నేడు బిశ్రామ్‌పూర్ ఉన్నదీ బలౌదా బజార్ జిల్లాలోనే. కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. మత ప్రచారపు హక్కులో ఇతరుని మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977 జనవరి 17న ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్.రే ధర్మాసనం తీర్పు చెప్పినది. మరునాడే ఇందిరాగాంధీ లోక్‌సభ ఎన్నికలు ప్రకటించారు. ఆ కోలాహలంలో ఈ తీర్పు కొంత మరుగుపడినదన్నా ఆశ్చర్యం లేదు. 'ప్రచారం' అన్న పదంపై 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో జరిగిన చర్చను ఆ తీర్పు ప్రక్కన పెట్టి చదువవలెను. తాను క్రైస్తవ విద్యాలయాలలో ఏండ్ల తరబడి చదివినా తనను మతం మార్చ ఎవరూ ప్రయత్నించలేదని ఆనాడు టి.టి.కృష్ణమాచారి సభకు చెప్పినారు. ఆ ధోరణి ఇప్పటి సభలలో వినబడుట అరుదు.

అవతలి పక్షానికీ వాదమున్నది. బస్తర్ గోండు పల్లెలో దేవగుడి, పండుగ చందా, పంటకోత ఇవన్నీ ఒకే ముడి. కొన్ని కుటుంబాలు ప్రక్కకు తొలగిన యెడల ఆ ముడి సడలుతుందన్న భయం కల్పితం కాదు. రోగాలు మాన్పుతామని, మైకులు పెట్టి వాగ్దానాలు కురిపించే స్వస్థత సభలవారు ఆ భయాన్ని మరింత పెంచినారు. ఉజ్జీవము పేరిట ఆకాశం దద్దరిల్లే ఆ సభలకూ లోర్ నాటిన బడికీ చుట్టరికం కనబడదు. అయినంత మాత్రాన 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల నుంచి ఆదివాసీ క్రైస్తవులను పల్లెల నుంచి తరిమి, చలిలో ఇండోర్ స్టేడియం పాలు చేయుటకు అది సమాధానం కాజాలదు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో చర్చిపై దాడి జరిగినప్పుడు, అడ్డుపోయిన జిల్లా పోలీసు సూపరింటెండెంటు తల పగిలినది.

జాన్ బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' తెలుగువారు ఎరిగిన గ్రంథమే. మతపు ఆంక్షల క్రింద చెరసాలలో పడిన మనిషి వ్రాసినది అది. అందులో మాయాపురి సంతలో 'నమ్మకస్తుడు' అనే యాత్రికుని చంపుతారు. అతడు పోయిన పిమ్మటనే కథానాయకునికి ఆశయే రూపు దాల్చిన తోడు దొరుకుతుంది. ఆ సంతలోని వాడే, ఆ చావును కన్నులారా చూచినవాడే.

జనవరిలో చోటు దొరకని ఆ పాస్టరుది బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామం. 2025 జనవరి 7న మరణించినాడు. పితృపితామహులను పాతిన ఊరిలోనే పాతవలెనని కుమారుడు కోరగా, గ్రామస్థులు అడ్డినారు, హైకోర్టు కాదన్నది. జనవరి 27న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు చెప్పినారు. స్వంత పొలంలో పూడ్చుకొనుటకు అనుమతి ఇవ్వవలెననీ, రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశాన స్థలాలు గుర్తించవలెననీ జస్టిస్ నాగరత్న అన్నారు. నిర్ణీత స్థలంలోనే ఖననం జరుగవలెనని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. శవం మూడు వారాలుగా శవాగారంలో ఉన్నందున, విస్తృత ధర్మాసనానికి నివేదింపక, ఇరువురూ కలిసి కర్కాపాల్ గ్రామంలోని క్రైస్తవ శ్మశానంలో పోలీసు బందోబస్తుతో పూడ్చవలెనని ఆదేశించారు.

ఈస్టరు నాడు సూర్యోదయానికి ముందే సమాధుల తోటకు పోయి, దీపాలు వెలిగించి, పాటలు పాడుట మన క్రైస్తవుల ఆచారం. తెలుగు బైబిలులో నిరీక్షణ అన్న మాటకు ఇంతకన్న స్పష్టమైన వ్యాఖ్యానం లేదు. కర్కాపాల్ ఛింద్‌వాడాకు 20 కిలోమీటర్ల పైబడిన దూరం. తెల్లవారకమునుపే అక్కడ ఉండవలెనన్న ఆ ఇంటివారు నడిరాత్రి దాటగానే బయలుదేరవలసి ఉంటుంది.